ఇంటిగాలి పెట్టె

బెంగకు మందు లేదని మా ఊళ్లో అందరూ అంటారు. ఉందని నాతో మొదటిసారి అన్నది ప్రొఫెసర్ ఓబుళేశ్వరి గారు. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నేను హాస్టలు మెట్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని అనంతపురం బస్సు కోసం చూస్తున్నాను.

విశ్వవిద్యాలయంలో చేరి అప్పటికి ఇరవై ఆరు రోజులు. సంచి సర్దుకోవడం మూడోసారి. పెనుకొండ దగ్గర రాళ్లగుట్టల మధ్య ఉంటుంది మా విశ్వవిద్యాలయం. మా ఊరు అనకాపల్లికి ఆరు మైళ్లు. భాష ఒక్కటేనంటారు గానీ, మెస్సులో వడ్డించే ఆయన పద్దెనిమిదేళ్ల దాన్ని పట్టుకుని "సంగటి ఏస్కో పాపా" అంటే నాకు ఒళ్లు మండింది. ఆ రాగిసంగటి ముద్ద గొంతు దిగేది కాదు. నిద్ర పట్టేది కాదు. ఇంటి నుంచి ఫోను వస్తే ఏడుపు, రాకపోతే ఇంకా ఏడుపు.

"ఏం పాపా, యాడికి పోతాండావు?" అన్నారు ఆవిడ.

"ఇంటికండి."

"ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?"

"నాకే బాగులేదండి."

ఆవిడ నా పక్కనే మెట్టు మీద చతికిలబడ్డారు. యాభై దాటిన మనిషి. చీరంతా సుద్దమరకలు. "ఏటా మొదటి సంవత్సరం పిల్లోళ్లు ముప్పై మంది దాకా ఇట్లనే సంచి సర్దుకోని పోతారు. తెలివి లేక కాదు, బెంగతో. పద్నాలుగేండ్లు సూసినా. ఇప్పుడొక మందు కనిపెట్టినా. ఒక్క నెల నా మాట ఇని సూడు. ఆ తర్వాత కూడా పోవాలనిపిస్తే బస్సు నేనే ఎక్కిస్తా."

ఆ రోజు బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఆవిడ ప్రయోగశాలలో కూర్చుని ఒక చెక్కపెట్టెను చూస్తున్నాను. మా అమ్మ పోపులపెట్టెకంటే కాస్త పెద్దది. దాని పేరు ఇంటిగాలి. నిజానికి అవి రెండు పెట్టెలు. ఒకటి ఇంట్లో ఉండి అక్కడి గాలిని పీల్చి, అందులో ఏ వాసన ఎంత ఉందో, వేడి ఎంతో, తేమ ఎంతో లెక్క కడుతుంది. రెండోది హాస్టల్లో మంచం పక్కన ఉంటుంది. దాని కడుపులో నలభై ఎనిమిది చిన్న సీసాలున్నాయి. అక్కడి లెక్క ఇక్కడికి చేరగానే ఆ సీసాల్లోంచి తగినంత తీసి కలిపి, వెచ్చబెట్టి, ఊపిరిలా వదులుతుంది. అక్కడ వాసన పుట్టాక ఇక్కడికి రావడానికి నాలుగు సెకన్లు. మొదటి దానికి పిల్లలు 'ముక్కు' అని పేరు పెట్టారు.

"ఫోన్లో మాట, బొమ్మ అన్నీ వస్తాయి కదా, మరి బెంగ ఎందుకు పోదంటావు?" అని అడిగారు ఆవిడ. తెలియదన్నాను. "కన్నూ చెవీ కబురు మోస్తాయంతే. ఇంట్లో ఉండావా లేదా అని మెదడుకు చెప్పేది ముక్కు. ముక్కు ఒప్పుకుంటే మెదడు ఒప్పుకుంటాది." అంటూ నా మణికట్టుకు ఒక పట్టీ కట్టారు. నా గుండె, నిద్ర, బెంగ అందులో గీతలుగా పడతాయట. అలా ప్రయోగంలో చేరిన నలభై మందిలో నేనొకదాన్నయ్యాను.

ముక్కును వంటింట్లో బిగించాలని కాగితం మీద బొమ్మ గీసి మరీ ఇళ్లకు పంపారు. ముప్పై తొమ్మిది ఇళ్లలో వంటింట్లోనే బిగించారు. మా నాన్న మాత్రం పెరటి వెనక బెల్లం వండే పాకలో, పెనానికి మూడడుగుల దూరంలో, రాటకు మేకులు కొట్టి బిగించాడు.

మా నాన్న పేరు పరదేశినాయుడు. పేరే పరదేశి గానీ మనిషి ఊరు దాటింది లేదు. చెరకు ఆడించి బెల్లం వండటం మా తాత నుంచి వచ్చిన పని. నాన్న వండిన దిమ్మ అంటే సంతలో చేత్తో తట్టి చూడకుండా తీసుకునేవారు.

"వంటింట్లో ఏటుంటాదమ్మా, పోపు వాసన. నీకు పాకం వాసన కదేటి ఇష్టం," అన్నాడు ఫోన్లో. నా మీద ఆయనకు ఎంత ప్రేమ అని నేను కళ్లు తుడుచుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

పెట్టె పనిచేసింది. ఇంకా బెల్లం వండే రోజులు రాలేదు. అయినా ఎండిన చెరకుపిప్పి వాసన, వాన పడ్డాక పాక తాటాకుల వాసన, నాన్న చుట్ట వాసన, ఎప్పుడైనా అమ్మ గుమ్మం దగ్గరికి వస్తే కొబ్బరినూనె, పసుపు కలిసిన వాసన, అన్నీ వచ్చేవి. మూడో రోజుకే పడుకున్నదాన్ని తెల్లారేదాకా లేవలేదు. వారానికి సంగటి లోపలికి దిగింది. గుంతకల్లు నుంచి వచ్చి నా గదిలోనే ఉండే షమీమ్ "నువ్వు మా గడ్డ మీద ఉంటివా, మీ పాకలో ఉంటివా?" అని ఆటపట్టించేది. మొదటి పరీక్షలో వందకు డెబ్బై తొమ్మిది వచ్చాయి. పట్టీ మీద నా గీత చూసి ఓబుళేశ్వరి గారు పిల్లలా చప్పట్లు కొట్టారు.

నవంబరులో చెరకు నరికారు. ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఉంటే గదిలోకి పచ్చి చెరకురసం కాగే వాసన వచ్చింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ వాసనల్లో నాకు అక్షరాభ్యాసం చేసింది నాన్నే. చిన్నప్పుడు నన్ను పెనం పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు మూసి "ఇప్పుడేటి? ఇప్పుడేటి?" అని అడిగేవాడు. ముందు పచ్చి వాసన పోవాలి. తర్వాత ఉడికిన జొన్నకంకుల వాసన రావాలి. దాని వెనక వేయించిన పప్పు వాసన తొంగి చూసిన క్షణాన పొయ్యిలోంచి మంట లాగెయ్యాలి. చుక్కను నీళ్లలో వేసి ఉండకడుతుందో లేదో చూడటం అందరికీ వచ్చు. కానీ అంత పెద్ద పెనం కదా, చూసి తేల్చుకునేలోపే పాకం ముదిరిపోతుంది. ముందు ముక్కే చెప్పాలి. నేను పెద్దమనిషినయ్యాక నన్ను పాకలోకి రానివ్వలేదు. పెనం ఎక్కాక ఆడవాళ్ల నీడ పాకంలో పడకూడదని మా తాత పెట్టిన నియమం. అమ్మ ఇరవై రెండేళ్లుగా గుమ్మం అవతలి నుంచే అన్నం క్యారేజీ అందిస్తోంది.

ఆ ఉదయం పప్పు వాసన వచ్చింది. వచ్చి, ఆగలేదు. దాని వెనకే చేదు ఒకటి మొదలైంది. నోట్లో నురగతోనే ఫోను అందుకున్నాను.

"నాన్నా, మంట లాగీయ్! మాడిపోతంది!"

"ఏటి" అని గానీ "నీకెలా తెలుసు" అని గానీ ఆయన అడగలేదు. "ఒరే, మంట లాగండ్రా!" అని అవతల అరుపు వినిపించింది. కాసేపటికి ఆయాసపడుతూ, "దక్కిందమ్మా, సమయానికి చెప్పేవు," అన్నాడు. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల నుంచి మా పెనాన్ని నేను కాపాడాను!

మర్నాడు ఆయనే ఫోను చేశాడు. "రెండో పెనం పెట్టేను. కాస్త చూస్తూ ఉండమ్మా."

రోజుకు నాలుగు పెనాలు. తెల్లవారుజామున మొదటిది, పదిన్నరకు రెండోది, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. రసాయనశాస్త్రం ప్రయోగం పదింటికి. గణితం రెండింటికి. మొదట ఒక తరగతి పోయింది, తర్వాత ఒక పూట పోయింది. ఇక డిసెంబరు వచ్చేసరికి నేను మంచం పక్కన ఆ పెట్టె ముందు కూర్చుని, చేతిలో ఫోనుతో, ఇంట్లో ఉన్నప్పటికంటే ఎక్కువగా ఇంట్లో ఉన్నాను. బెంగ ఇసుమంతైనా లేదు. చదువూ లేదు.

"బెల్లం వండేది మీ నాయనా, నువ్వా?" అంది షమీమ్ ఒకసారి. ఈసారి నవ్వలేదు. "ఉంటే ఇక్కడుండు, లేకుంటే పో. ఈ రెండు పడవల మీద కాళ్లు నీకెందుకే రత్నం?"

మర్నాడు ఓబుళేశ్వరి గారు కబురు పెట్టారు. బల్ల మీద రెండు కాగితాలు పరిచి ఉంచారు. ఒకటి నా బెంగ గీత, పలకలా చదునుగా ఉంది. రెండోది నా హాజరు పట్టిక.

"ఇది సూడు. ఇంక పద్దెనిమిది రోజుల తరగతులుండాయి. అన్నీ వస్తే, ఒక్కటి కూడా తప్పకుండా వస్తే, పరీక్షకు కూర్చోనిస్తారు. ఒక్కటి పోయిందా, ఈ సీటు పోయినట్లే. మళ్లా రాయించుకోడానికి లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. "నిన్నొక్కదాన్నే అనడం లేదులే. ఒక పిల్లోనికి సాంబారు వాసన కావాలని వాళ్లమ్మ రోజుకు రెండుసార్లు అదే సాంబారు పెడతాందంట, ఇంట్లో తినేవాళ్లు లేకపోయినా. ఇంకో ఇంట్లో అవ్వ ఆస్పత్రికి పోనంటాంది, మనవరాలి పెట్టెలో నా వాసన ఉండదు అని. పిల్లోళ్ల బెంగ తీసేస్తి అనుకుంటి. తీసి వాళ్ల ఇండ్ల నెత్తిన పెట్టినా." నా కాగితం మీద వేలు పెట్టి, "నీది మాత్రం వేరుగా ఉండాది. ఒకటి అడుగుతా. పాకం మాడేది మీ నాయన పక్కన నిలబడి కూడా ఎందుకు కనుక్కోలేదు? ఆయనకు వాసన తెలుస్తాండాదా?"

మా నాన్న ముక్కును అనుమానించడమంటే సూర్యుడు తూర్పున పొడుస్తున్నాడా అని అడగడమే. కానీ నెల రోజులుగా వంద పెనాలకు పైగా మంట లాగమని చెప్పింది నేను. ఒక్కసారైనా ఆయన 'నాకూ తెలిసిందిలే' అనలేదు.

బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి ఫోను చేశాను.

"నాన్నా, నీకు వాసన తెలుస్తోందా?"

అవతల చెరకు ఆడించే యంత్రం చప్పుడు కాస్త దూరమైంది, ఆయన పక్కకు వచ్చినట్టున్నాడు.

"రెండేళ్ల కిందట జొరమొచ్చింది కదేటి, అప్పుడు పోయింది," అన్నాడు. "వస్తాదిలే, వస్తాదిలే అని చూసేను. రాలేదు. పోయినేడు ముప్పై పెనాలు మాడిపోయేయి. చెరకు బాగోలేదని అందరికీ చెప్పీసేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు చదువుకి ఎల్తావేటి?"

"అయితే ఆ పెట్టె పాకలో పెట్టింది నాకు పాకం వాసన ఇష్టమని కాదన్నమాట."

"నీకిష్టం కాదేటి?" అన్నాడు. గొంతు చిన్నబోయింది. "నీకు బెంగ తీరతాది, నాకు పని జరుగుతాది అనుకున్నాను. ఇందులో తప్పేటుందమ్మా? ఎవులికీ తెలీదు. మన ఇంటి పరువు నిలబడతాది."

నాకు కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. ఆయన మీద, అంతకంటే ఆయన మీద నాకున్న జాలి మీద. ఆ జాలికి లొంగితే నేను అప్పటికప్పుడు అనకాపల్లి రైలెక్కేస్తాను. మనవాళ్లకు కన్నీళ్లతో పిల్లల్ని కట్టేయడం బాగా తెలుసు. తాడు అవసరం లేదు.

"నాన్నా, పద్దెనిమిది రోజుల్లో ఒక్క తరగతి పోయినా నా సీటు పోతాది. రేపటి నుంచి నేను పెట్టె తెరవను. రేపే కాదు, మరింకెప్పుడూ తెరవను."

"మరి పెనం?"

"అమ్మను పిలు."

"మీ తాత..."

"తాత బతికుంటే ఆయన ముక్కు అరువిచ్చేవాడేమో అడుగుదుం. లేడు కదా! అమ్మ గుమ్మం దాటి లోపలికి వస్తే పాకం విరిగిపోతాదని నువ్వు చూసేవా? ఎప్పుడైనా చూసేవా?"

ఆయన ఏదో అనబోయాడు. ఫోను ఎవరో లాక్కున్నట్టు గరగరలాడింది. అమ్మ గొంతు. మా అమ్మ వరహాలమ్మ అప్పటిదాకా ఫోనులో నాతో మాట్లాడినదల్లా "తిన్నావా, పడుకున్నావా, ఎప్పుడొస్తావు" అనే మూడు ప్రశ్నలే. మధ్యలో ముక్కు చీదుకోవడం.

"ఒలే గుంటా, ఆపీ ఆ పెట్టె. ఇరవై రెండేళ్లు గుమ్మంలో నిలబడి ఆ వాసనే పీలుస్తన్నాను. పోయినేడు మాడిపోతంది మాడిపోతంది అని రెండుసార్లు చెప్పేను, నీకేటి తెలుసు అని నోరు మూయించేడు. నీకు నేర్పినప్పుడు నేను ఇనలేదనుకున్నాడేటి? నువ్వెల్లి తరగతిలో కూకో."

వెనక నాన్న గట్టిగా ఏదో అన్నాడు. ఫోను ఆగిపోయింది.

పెట్టెను తీసుకెళ్లి ప్రయోగశాల బల్ల మీద పెట్టాను. ఓబుళేశ్వరి గారు దాన్ని పక్కకు జరిపి, లావుపాటి పుస్తకంలో ఏదో రాసుకున్నారు. పద్నాలుగేళ్ల పనిని నేను పాడుచేశానేమోనని అడిగాను.

"పాడు చేయలేదు పాపా. మందు పనిచేసిందని రాస్తా. ఎవురు తాగితే ఎవురికి చేటయిందో కూడా రాస్తా. ఉన్నది ఉన్నట్టు రాయకుంటే ఇంక నేనెందుకు, ఈ ప్రయోగాలెందుకు?" అన్నారు. నాకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను.

మొదటి నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు మాటలు రావు. మూడు నెలలుగా ఆగి ఉన్న బెంగ ఒక్కసారిగా మీద పడింది. గదిలో గాలి ఉంది, కానీ అది నాకు సరిపోయేది కాదు. సంగటి మళ్లీ గొంతులో అడ్డం పడింది. షమీమ్ నా పళ్లెం ముందు కూర్చుని "తిను. ఏడ్చుకుంటానే తిను. ఏడుస్తా తినేదానికి ఫీజేం లేదు" అనేది. ఏడుస్తూనే తిన్నాను.

అన్నిటికంటే కష్టం పదిన్నర. ప్రయోగశాలలో మా మాస్టారు ద్రవాల మరుగుస్థానాల గురించి చెబుతూ ఉండేవారు. నా కళ్లు గోడ మీద గడియారం వైపు వెళ్లేవి. ఇప్పుడు పచ్చి వాసన పోయి ఉంటుంది. ఇప్పుడు జొన్నకంకులు. ఇప్పుడు, సరిగ్గా ఇప్పుడు... చెయ్యి తనంతట తానే జేబులోని ఫోను వైపు పోయేది. దాన్ని తీసి షమీమ్ చేతికిచ్చేదాన్ని. తరగతి అయ్యాక కూడా ఇవ్వొద్దని చెప్పేదాన్ని. అమ్మ పాకలోకి వెళ్లిందో, నాన్న మొండికేశాడో, పెనాలు మాడుతున్నాయో నాకు తెలియదు. తెలుసుకోను. తెలిస్తే ఆగలేనని నాకు తెలుసు. నాన్న ఫోను చేయలేదు. ఆయన అలక ఆయనది.

ఒక సాయంత్రం పెనుకొండ కొండ ఎక్కాను. మెట్టుమెట్టుకీ ఊపిరి అందలేదు. పైన రాళ్ల మధ్య ఎండిన గడ్డి, మేకల వాసన, ఎక్కడో కాలుతున్న సీతాఫలం పుల్లల పొగ. ఇది మా ఇంటి వాసన కాదు. కానీ ఇదీ ఒక ఊరి వాసనే, ఎవరో ఒకరు దూరాన దీని కోసం ఏడుస్తూ ఉంటారు అనుకున్నాను. ఆ ఆలోచన వల్ల బెంగ తగ్గిందని అబద్ధం చెప్పను. తగ్గలేదు. దానితోనే కొండ దిగి గణితం లెక్కలు చేసుకున్నాను.

పద్దెనిమిది రోజులూ వెళ్లాను. జ్వరం వచ్చిన రోజు కూడా షమీమ్ భుజం పట్టుకుని వెళ్లి ఆఖరి బల్ల మీద కూర్చున్నాను. పరీక్షలకు కూర్చోవచ్చని నా పేరు నోటీసు బోర్డు మీద రాశారు. మొదటి పరీక్ష రాసి బయటికి వచ్చాక అప్పుడు షమీమ్‌ను ఫోను అడిగి తీసుకున్నాను. సాయంత్రం నాలుగు.

చాలాసేపు మోగాక అమ్మ ఎత్తింది. వెనక పిప్పి మంట చిటపటలు, ఎవరో తెడ్డు తిప్పుతున్న చప్పుడు. అమ్మ మాటలు దగ్గరగా, పెనం మీద నుంచి వస్తున్నట్టు ఉన్నాయి.

"అమ్మా, నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, పాకలో. మీ నాన్న తెడ్డు తిప్పుతన్నాడు. మొదటి మూడు రోజులు నాతో మాట్లాడలేదులే. రెండు పెనాలు పోయేక ఆయనే గుమ్మం దగ్గరకొచ్చి రాయే అన్నాడు."

"పాకం బాగా వస్తోందా?"

"వస్తంది. నువ్వు పరీక్ష రాసేవా?"

"రాశాను. అమ్మా, నాకు చాలా బెంగగా ఉంది."

నేను ఆ మాట అంటే ఆవిడ ఎప్పుడూ నాకంటే ముందు ఏడ్చేది. అలవాటు కొద్దీ ఆ ఏడుపు కోసం ఎదురు చూశాను. అమ్మ గట్టిగా ఒకసారి గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"నాకూ ఉందే గుంటా. ఉండనీ. పప్పు వాసన వచ్చీసింది, మంట లాగాలి. ఫోను పెట్టీ, పెట్టీ," అని ఫోను కట్ చేసేసింది.

నా జన్మలో మా అమ్మ నా ఫోను కట్ చేయడం అదే మొదటిసారి. పరీక్ష హాలు మెట్ల మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఏడుపు అయ్యాక లేచి, రేపటి పరీక్ష పుస్తకం తెరిచాను.